బోర్లా పడుకుని చూసిన కౌబాయ్ సినిమా

మా మామగారికి పనిచేసే కన్ను ఒక్కటే. రెండోది కుర్రతనంలోనే, నూర్పిళ్ళప్పుడు ధాన్యపు పొల్లు పడి, ఆ పైన ఎవరో పసరు పోసి, పోయింది. మిగిలిన ఒక్క కంటితోనే ఆయన ఇన్నేళ్ళూ పెనుగొండ దగ్గర వరి పండించారు, గేదెల్ని కొన్నారు, ఒక అల్లుణ్ణి ఎంచుకున్నారు. మొదటి రెండింటిలోనూ ఆయన పొరపాటు పడలేదని ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు.

మొన్న రెండో పంట, దాళ్వా కోతలకి ముందు ఆ కంటికి కూడా అడ్డం వచ్చింది. "పక్కనించి ఎవరో గోనెపట్టా దించుతున్నట్టుందండి," అని ఫోన్లో చెప్పారు. అది కూడా మా ఆవిడ గుచ్చి గుచ్చి అడిగితే. మర్నాడే రాజమండ్రి తీసుకొచ్చి చూపించాం. కంటి వెనక పొర ఊడిందని డాక్టరమ్మ చెప్పి, ఆలస్యం చెయ్యకుండా ఆపరేషన్ చేసింది. కంట్లో ఒక గ్యాసు బుడగ పెట్టానని, అది పైకి తేలి ఊడిన పొరని దాని చోటుకి అదిమి పట్టుకుంటుందని వివరించింది. బుడగ పైకి తేలుతుంది కాబట్టి కంటి వెనక భాగం పైకి ఉండాలి. అంటే మనిషి మొహం నేలవైపు ఉండాలి. పగలూ రాత్రీ బోర్లా పడుకోవాలి. అన్నానికీ బాత్‌రూమ్‌కీ లేచినా తల దించుకునే ఉండాలి. మళ్ళీ చూపించుకునేదాకా అంతే.

"తలెత్తితే?" అని అడిగాను.

"ఎత్తకూడదండి."

"పొరపాటున ఎత్తితేనండీ?"

ఆవిడ కాసేపు తన పెన్ను మూత వైపు చూసింది. "ఆయనకి ఉన్నది ఒక్క కన్నే కదండీ," అంది.

అలా మామగారు మా ఇంట్లో ముందు గదిలోని మంచం మీద బోర్లా చేరారు. బిందె కింద పెట్టే చుట్టకుదురులా మా ఆవిడ తువ్వాలు చుట్టి, మంచం అంచున పెట్టి, అందులో ఆయన మొహం ఉంచింది. ఆయనకి కనిపించాల్సింది నేల మీది గచ్చు. బుడగ వల్ల అదీ మసకే. మా అత్తగారు కోతలూ గేదెలూ వదిలి రాలేనని ఊళ్ళోనే ఉండిపోయారు. మా ఆవిడ టీచరు, బళ్ళో పరీక్షలు. కాబట్టి నేను బ్యాంకుకి సెలవు పెట్టాను. నా సెలవు కాగితం మీద మా మేనేజరు సంతకం పెట్టిన వేగం చూసి కొంచెం బాధపడ్డాను గానీ, అది వేరే సంగతి.

మావైపు అల్లుడికి జరిగే మర్యాదల మీద బయటివాళ్ళు జోకులు వేస్తారు. అవి జోకులు కావు. పెళ్ళై ఇరవై ఏళ్ళు దాటినా మా మామగారు నా ఎదుట కూర్చోగా నేను చూడలేదు. నేను వాళ్ళింట్లో కుర్చీలో కూర్చుంటే ఆయన భుజం మీది తువ్వాలు తీసి చేత్తో పట్టుకుని స్తంభం పక్కన నిలబడతారు. కూర్చోండి మావయ్య గారూ అంటే, "పర్లేదండి, ఇప్పుడే కూచుని లేచాను," అంటారు. ఆ ఇప్పుడే ఇరవై ఏళ్ళుగా సాగుతోంది. ఇన్నేళ్ళలో మేం మాట్లాడుకున్నదంతా పోగేస్తే, ప్రయాణం బాగా జరిగిందా, భోంచేద్దురు గాని, కారు నీడలో పెట్టించమంటారా, ఇంతే తేలుతుంది.

ఈ మర్యాద కంటికి ప్రమాదమని డాక్టరమ్మకి తెలీదు. మాకూ తెలీదు. మొదటి రోజు కంటి చుక్కలు పట్టుకుని గదిలోకి అడుగు పెట్టగానే, "ఆఁ, రండి రండి," అంటూ ఆయన మోచేతుల మీద లేవబోయారు. నేను వెనక్కి దూకాను. చుక్కల సీసా మంచం కిందికి దొర్లిపోయింది.

"నాన్నా, ఆయనొస్తే నువ్వు లేవకూడదు," అంది మా ఆవిడ.

"అలాగేనమ్మా. లేవకూడదనే అనుకుంటన్నాను. ఒళ్ళే లేచిపోతోంది."

పైగా ఆయన కాళ్ళు గుమ్మం వైపున్నాయి. "అల్లుడు గారొచ్చే వైపు కాళ్ళు చాపుకుని పడుకోడం బాగోదమ్మా," అన్నారు. మంచం తిప్పాం. అప్పుడు కాళ్ళు వంటింటి వైపుకి వచ్చాయి. నేను వంటింట్లోంచి వచ్చాను. మళ్ళీ తిప్పాం. మా ఇంట్లో నేను అడ్డం రాని దిక్కు లేదని మా ఆవిడ ఎప్పుడూ అనే మాట ఆ రోజు రుజువైంది.

మర్నాడు ఆవిడ బడికెళ్ళిపోయాక ఇంట్లో మేమిద్దరమే. చుక్కలు తను వెయ్యగలిగినన్ని వేసి వెళ్ళింది. నేను హాల్లో కూర్చుని, లేనట్టుగా ఉండడానికి ప్రయత్నించాను. దగ్గలేదు, కుర్చీ జరపలేదు. కానీ చప్పుడు లేకపోతే ఇంకో ప్రమాదం మొదలైంది. తెల్లారకముందే గట్టు మీదికి వెళ్ళే అలవాటున్న మనిషికి ఊరికే పడి ఉండడం అంటే ఏమిటో తెలీదు. మంచం కిర్రుమంటుంది. ఎవరో వీధిలో మోటారు బండి స్టార్ట్ చేస్తే, చేలో మోటారనుకుని, "కరెంటొచ్చినట్టుంది," అని గొణుగుతారు. మళ్ళీ కిర్రు. నేను లోపలికి వెళితే గౌరవంతో లేస్తారు. వెళ్ళకపోతే విసుగుతో లేస్తారు. ఉన్నది ఒక్క కన్ను.

ఏం చెయ్యాలో తోచక లాప్‌టాప్ తెరిచాను. రాజమండ్రిలో మేం కొంతమందిమి ఆదివారం సాయంత్రాలు ఒక లైబ్రరీ మేడ మీద చేరి పాత సినిమాలు చూసి, వాటి గురించి మాట్లాడుకుంటాం. దీన్ని మేం ఫిల్మ్ క్లబ్ అంటాం. మా ఇళ్ళల్లో వేరే పేర్లున్నాయి. వచ్చే ఆదివారం వంతు నాది. ఒక కౌబాయ్ సినిమా మొదటి పది నిమిషాలు తీసుకుని, ఎవరూ నోరు విప్పకముందే ఇది ఏ రకం కథో, ఏ చోట జరుగుతోందో అది మనకి ఎలా చెప్పేస్తుందో నేను వివరించాలి. సరే, ఇదైనా సాధన చేద్దామని సినిమా పెట్టి, చప్పుడు తగ్గించి, పైకే చెప్పుకోవడం మొదలుపెట్టాను.

"మొట్టమొదట తెర నిండా నేల. ఎర్రటి నేల. చెట్టు లేదు, గట్టు లేదు, నీటి చుక్క లేదు. గాలి తప్ప ఇంకే చప్పుడూ లేదు. ఇంత నేలని ఇంతసేపు చూపించడంలో ఉద్దేశం ఏమిటంటే..."

గదిలో మంచం కిర్రుమనడం ఆగిపోయింది.

"...ఇక్కడ మనిషి చాలా చిన్నవాడని చెప్పడం."

"తుఫానొచ్చి ఎళ్ళిందేమో," అంది గదిలోంచి ఓ గొంతు.

నాతో అన్నది కాదు. గచ్చుతో అన్నారు. అప్పుడు నాకు వెలిగింది. నేను ఆయనతో మాట్లాడితే ఆయన లేవాలి. లాప్‌టాప్‌తో మాట్లాడుకుంటూ ఉంటే ఆయనకి సంబంధం లేదు. పక్కవాళ్ళ మాటలు పడుకుని వినడంలో మర్యాదకి లోటేం లేదు. నేను గొంతు కొంచెం పెంచాను.

"తుఫాను కాదు. ఆ దేశమే అంత," అని లాప్‌టాప్‌కి చెప్పాను.

"అంటే, కాలవ రాలేదా?"

"రాలేదు."

"శివారన్నమాట."

కాలవ చివర నీళ్ళందని పొలాల్ని మావైపు శివారు అంటారు. నేల గురించి అంతకంటే చెడ్డమాట డెల్టాలో లేదు. బీడు నేల, సరిహద్దు జీవితం అంటూ నేను రాసుకున్న అరపేజీతో అది పూర్తిగా సరిపోదు గానీ, దగ్గర్లోకే వచ్చింది. ముందుకి వెళ్ళాను.

"దూరంగా ఒక చుక్క. అది పెద్దదవుతుంది. మనిషీ, గుర్రమూ. మనిషి గుర్రం ఎక్కి లేడు. కళ్ళెం పట్టుకుని నడిపించుకొస్తున్నాడు. గుర్రం కుంటుతోంది. మనిషి మొహం టోపీ నీడలో ఉంది."

"ఎవరి తాలూకో?"

"తెలీదు."

"ఏ ఊరో?"

"తెలీదు. పేరు కూడా చివరిదాకా చెప్పరు."

"ఎవరూ అడగలేదేంటి?" అన్నారు. గొంతులో నిజమైన బాధ ఉంది.

ఆ బాధ నాకు అర్థమైంది. మావైపు ఏ ఊళ్ళోనైనా బస్సు దిగిన కొత్తమనిషి వెళ్ళాల్సిన ఇల్లు చేరేలోపు ఎవరింటికి, ఏ ఊరు, ఫలానా ఆయన మీకేమవుతారు అని అడిగించుకోకుండా ఉండలేడు. ఇల్లు చేరేసరికి ఆయన వస్తున్నట్టు ఆ ఇంటివాళ్ళకి ముందే తెలిసి, పొయ్యి మీద కాఫీ గిన్నె ఉంటుంది. మా ప్రాంతంలో సినిమా తీసేవాళ్ళు కూడా మొదట డ్రోనుతో గోదావరి వంతెన చూపిస్తారు, తర్వాత పడవ, తర్వాత కొబ్బరిచెట్టు, తర్వాత ఆ పక్కనున్న కొబ్బరిచెట్టు. అవి కనపడగానే ఇక్కడ వచ్చే మనుషులందరూ ఒకరికొకరు ఏదో అవుతారని మనకి తెలిసిపోతుంది. కౌబాయ్ సినిమాలో మొదట చూపించేది ఏమీ లేకపోవడం. వచ్చినవాడు ఎవరికీ ఏమీ కాడు. అదే దాని ముద్ర.

ఇదంతా లాప్‌టాప్‌కి చెప్పాను. మామగారికి నచ్చలేదు.

"కాదండి. పొలం చూడ్డానికొచ్చిన బ్రోకరు. టోపీ అందుకే. మొన్న మా పక్కూరికీ ఇలాగే ఒకడొచ్చాడు, ఎవరితోనూ మాటాళ్ళేదు. ఏడాది తిరక్కుండా కొబ్బరితోటలో రాళ్ళు పాతేశారు."

"బ్రోకరైతే కారులో వస్తాడు కదండీ. గుర్రాన్ని కుంటించుకుంటూ నడిచొస్తాడా?"

"అదీ నిజమేలెండి."

అక్కడ మేమిద్దరం ఒకరితో ఒకరం మాట్లాడేశాం. ఆయన లేవలేదు. ఇద్దరం గమనించనట్టే ఉండిపోయాం.

మనిషి ఊళ్ళోకి వస్తాడు. ఒకటే వీధి, చెక్క ఇళ్ళు. గడ్డం గీస్తున్న మంగలి కత్తి ఆపి చూస్తాడు. ఆరేసిన దుప్పటి తీసుకుని ఒకావిడ లోపలికి పోతుంది. ఒక తలుపు మూసుకుంటుంది, తర్వాత పక్క తలుపు. సంగీతం ఉండదు. తలుపుల చప్పుడే సంగీతం. రాబోయేది తుపాకుల కథ అని తుపాకీ చూపించకుండానే చెప్పడం ఇది, అన్నాను.

"మంచినీళ్ళిచ్చారాండి?"

"ఎవరండీ?"

"ఆ తలుపులేసుకున్నోళ్ళు."

"ఇవ్వలేదు."

"మజ్జిగ మాట దేవుడెరుగు, మంచినీళ్ళు కూడానా! మనిషి ఎండనపడొస్తే!" మంచం గట్టిగా కిర్రుమంది. ఈయనే లేచి వెళ్ళి ఇచ్చేస్తారేమోనని భయపడి నేను గబగబా చెప్పేశాను. "వీధి చివర నీళ్ళతొట్టి ఉందండి. అక్కడికి పోతాడు. ముందు గుర్రానికి పెడతాడు. అది తాగాక తను తాగుతాడు."

"ముందు గుర్రానికా?"

"గుర్రానికే."

ఆయన నిట్టూర్చారు. మంచం కుదురుకుంది. "అయితే మంచోడేనండి. బ్రోకరు కాదు."

అక్కడ సినిమా పేరు పడుతుంది. నేను మాట్లాడాల్సింది కూడా అక్కడిదాకానే. ఆ మాటే చెప్పాను.

"మొదలవడానికే ఇంతసేపా! సరే, మళ్ళీ ఓసారి మొదట్నించి అనుకోండి మరి. మీకు నోటికి రావాలి కదా."

ఆ రోజు నుంచీ అదే మా పని అయిపోయింది. కాఫీ తాగాక ఒకసారి, మధ్యాహ్నం కునుకు తీశాక ఒకసారి, నేను హాల్లోంచి ఆ మొదటి పది నిమిషాలు చెప్పేవాణ్ణి. ఆయన గచ్చు వైపు చూస్తూ వినేవారు. ప్రతిసారీ కొత్త ప్రశ్న. గుర్రానిది ఏ కాలు? తొట్టిలో నీళ్ళెవరు పోశారు? దుప్పటి తీసుకెళ్ళినావిడ కిటికీలోంచి చూసిందా? తెలీని వాటికి సినిమా వెనక్కి తిప్పి చూసి చెప్పేవాణ్ణి. కుంటుతున్నది ముందు ఎడమకాలు. నేను ఆ సినిమా ఎన్నోసార్లు చూశాను గానీ కాలు సంగతి చూసుకోలేదు. ముఖ్యమైన సంగతేమిటంటే, చెబుతున్నంతసేపూ ఆయన తల తువ్వాలు చుట్టలోంచి కదలలేదు.

ఇలా గడిచిపోయేదే. కానీ చుట్టాలకి మేం ఫోన్లు చేశాం. ఇప్పుడప్పుడే చూడ్డానికి రావద్దు, కొంచెం నయమయ్యాక రండి అని మర్యాదగా చెప్పాం. జబ్బుపడ్డ మనిషిని చూడ్డానికి రావద్దంటే మావైపు దాని అర్థం ఒకటే, పరిస్థితి చెయ్యి దాటిందని. మర్నాడు పొద్దుటి రైలుకి నరసాపురం నుంచి మామగారి అక్కయ్య గారు దిగారు. నాకు పెద్దమ్మ వరస. లేసు అల్లి పిల్లల్ని చదివించుకున్న మనిషి. ఇప్పటికీ ఎదుటివాడి చొక్కాకి దారం వేలాడితే మాట మధ్యలో ఆపి చూస్తారు.

ఆ రోజు ఆవిడ నా చొక్కా చూడలేదు. తలుపు తియ్యగానే, చేతిలో అరటిపళ్ళ అత్తం పట్టుకుని, గుమ్మంలోంచే గొంతెత్తారు.

"ఒరేయ్ తమ్ముడూ! ఏవైపోయావురా నాయనా!"

వాళ్ళమ్మ పోయాక తమ్ముణ్ణి పెంచింది ఆవిడే. ఆ గొంతు వినపడితే ఆయన పొలంలోంచైనా పరుగెత్తుకొస్తారు. గదిలో మంచం కిర్రుమంది. ఎప్పటి కిర్రు కాదు. కాలు గచ్చు మీద పెట్టిన చప్పుడు.

నేను పరుగెత్తాను. ఆయన ఒక మోచేతి మీద లేచారు, తల చుట్టలోంచి బయటికి వచ్చేసింది, ఇంకొంచెం ఉంటే మొహం గుమ్మం వైపు తిరిగేది. మాటలతో ఆపే వ్యవధి లేదు. ఆయన మెడ మీద చెయ్యి వేసి కిందికి నొక్కాను.

"లేవకండి!" అని అరిచాను. అలా అరవగలనని నాకే తెలీదు. ఎదురు ఫ్లాటువాళ్ళ తలుపు తెరుచుకుంది. "కన్ను పోతుంది! పడుకోండి!"

నా అరచేతి కింద ఆయన మెడ వెచ్చగా ఉంది, కత్తిరించిన జుట్టు గుచ్చుకుంటోంది. చెయ్యి తీస్తే లేస్తారేమోనని భయం. తియ్యకపోతే, ఇరవై ఏళ్ళు నా ఎదుట కూర్చోని మనిషి మెడ మీద నా చెయ్యి. గుమ్మంలో ఆవిడ. ఏం చెయ్యాలో ఏ సినిమాలోనూ చూడలేదు.

"చెయ్యి తియ్యకు బాబూ," అన్నారు పెద్దమ్మ గారు మామూలు గొంతుతో. "తీస్తే లేస్తాడు. చిన్నప్పుడు జొరవొస్తే వీణ్ణి మంచానికి కట్టేసేవోళ్ళం."

అరటిపళ్ళు నా కుర్చీలో పెట్టి, కొంగు బిగించి, ఆవిడ గచ్చు మీద కూర్చున్నారు. తర్వాత మెల్లగా వెల్లకిలా పడుకుని, మంచం అంచు కిందికి, తమ్ముడి మొహానికి సరిగ్గా కింద తన మొహం వచ్చేలా జరిగారు.

"ఇదిగో, ఇక్కడున్నాను. ఇటే చూడు."

"కనపడవే అక్కా. మసగ్గా ఉంది."

"కనపడకపోతే పోనీ. అందం ఏం పెరగలేదులే."

"గచ్చు మీద పడుకున్నావేంటే? నడుం పట్టేస్తాది."

"పట్టేస్తే నీ కన్నొచ్చాక నువ్వే లేపుదువు గాని. అప్పటిదాకా ఇక్కడే ఉంటాను."

నా చేతి కింద ఆయన నవ్వడం తెలిసింది. అప్పుడు చెయ్యి తీశాను.

ఆవిడ అలా పడుకునే విచారణ జరిపారు. అల్లుడొస్తే లేస్తున్నాడన్న సంగతి బయటపడింది. "అయితే అల్లుడు కింద కూచుంటే సరి. నువ్వు మంచం మీద, ఆయన నేల మీద. ఇంకెందుకు లేస్తావు? బాబూ, నువ్వూ ఇలా కూచో."

కూర్చున్నాను.

"అయ్యయ్యో, అల్లుడు గారు నేల మీదా! చాపైనా వెయ్యవే!"

"నీ కన్నొచ్చాక సింహాసనం వేద్దువు గాని. నోరు ముయ్యి."

డాక్టరమ్మకి ఫోన్ చేశాను. పూర్తిగా ఎత్తలేదు కదా, మళ్ళీ చూసినప్పుడు తెలుస్తుంది, అంది. పొర నిలబడిందో, ఆ ఒక్క క్షణంలో జారిపోయిందో అప్పటిదాకా తెలీదు. మా ఆవిడ బడినుంచి వచ్చి విన్నాక నన్నేమీ అనలేదు. దాన్నిబట్టి భయం ఎంతో అర్థమైంది. ఆదివారం ఫిల్మ్ క్లబ్బుకి రాలేనని కబురు పంపాను. నేను లేకపోయినా సభ చాలా బాగా జరిగిందని మిత్రులు చెప్పారు. కొంచెం ఎక్కువగానే చెప్పారు.

పెద్దమ్మ గారు రెండు రోజులుండి వెళ్ళిపోయారు. నేను మాత్రం నేల మీదే ఉండిపోయాను. మంచానికి వీపు ఆనించి కూర్చుంటే ఆయన మాట నా చెవి పక్కనే వినపడేది. ఒక మధ్యాహ్నం, గుర్రం నీళ్ళు తాగాక, నేను ధైర్యం చేసి అన్నాను. "ఆ రోజు మెడ మీద చెయ్యేశాను. ఏమీ అనుకోకండి."

"మా నాన్న పోయాక నన్నెవరూ కేకలెయ్యలేదండి," అన్నారు. "బాగుంది."

నేను వంటింట్లో పాలు చూసొస్తానన్నాను. పొయ్యి మీద పాలేమీ లేవు.

తిరిగొచ్చేసరికి ఆయన తనే మొదలుపెట్టారు. "ఆ సినిమాలో ఆయన నడిచొస్తంటే నాకు మీరే గుర్తొస్తన్నారండి."

"నేనా? నాకు గుర్రమెక్కడిదండి?"

"పెళ్ళిచూపులకొచ్చినప్పుడు. మీ వోళ్ళంతా ఆటోలో ముందొచ్చేశారు. మీరు లేరు."

నిజమే. ఆటోలో చోటు చాల్లేదు. పెళ్ళికొడుకే కదా, వెనక నడిచి వస్తాడులే అని మావాళ్ళు తేల్చేశారు.

"నేను పశువుల పాక దగ్గర నిలబడి గట్టు వైపు చూస్తన్నాను. వానపడి బురదగా ఉంది. మీరు దూరంగా చీమంత కనపడ్డారు. చెప్పులు చేత్తో పట్టుకుని, ఫ్యాంటు మడిచి వస్తన్నారు. పట్నం మనిషి, పొలం ఇచ్చిన మర్నాడే అమ్మేస్తాడు, ఈ సంబంధం వద్దు అనుకున్నాను. అప్పుడు మీరు జారిపడ్డారు."

"చూశారా!"

ఇన్నేళ్ళూ అది ఎవరూ చూడలేదనే నమ్మకంతో బతికాను. బురద గురించి ఆ రోజు వాళ్ళింట్లో అడిగినప్పుడు బస్సు చక్రం మీదికి నెట్టేశాను.

"చూశానండి. లేచి అటూ ఇటూ చూసుకున్నారు. ఎవరూ లేరనుకుని మీలో మీరే నవ్వుకున్నారు. చాలాసేపు నవ్వుకున్నారు. నేను లోపలికెళ్ళి మా ఆవిడతో, ఇంకేం అడక్కు, ఖాయం చేసెయ్యి అన్నాను."

"ఈ మాట ఇన్నేళ్ళూ చెప్పలేదే మావయ్య గారూ!"

"అల్లుడు గారితో అలాంటివెలా చెబుతామండి," అన్నారాయన, ఇంత తెలిసినవాడు ఇదేం ప్రశ్న అన్నట్టు.

నాకు ఉద్యోగమిచ్చినవాళ్ళు నా మార్కులు చూసి ఇచ్చారు. మా నాన్న నా తెలివిని దూరం నుంచే అభిమానించేవారు. బురదలో పడ్డందుకు నన్ను నమ్మిన మనిషి ఈ లోకంలో ఒకరున్నారని, ఆయన బోర్లా పడుకోకపోయి ఉంటే నాకు తెలిసేది కాదు. ఆ జబ్బుకి నేను రుణపడ్డానని చెబితే బాగోదు. కాబట్టి చెప్పను.

చూపించుకునే రోజు వచ్చింది. కారులో వెనక సీటులో ఆయన తల మోకాళ్ళ మీదికి దించుకుని కూర్చున్నారు. మా ఆవిడ ఆయన వీపు మీద చెయ్యి వేసి ఉంచింది. ఆస్పత్రిలో చీకటి గదిలో డాక్టరమ్మ నుదుటికి దీపం కట్టుకుని, ఆయన కన్ను తెరిచి పట్టుకుని, పైకి చూడండి, కిందికి, ఎడమకి, అంటూ చూసింది. చూస్తూనే ఉంది. ఆ గదిలో ఉన్నంతసేపూ నాకు ఒక్క జోకు కూడా తట్టలేదు. నాకేదో జబ్బు చేసిందేమోనని మా ఆవిడ తర్వాత అడిగింది.

"అతుక్కుంది," అంది డాక్టరమ్మ దీపం ఆర్పి. "బాగా అతుక్కుంది. తల ఎత్తొచ్చండి."

మామగారు వెంటనే ఎత్తలేదు. నిజంగానా అన్నట్టు మా ఆవిడ చెయ్యి తడుముకున్నారు. తర్వాత నెమ్మదిగా, బిందె తొణక్కుండా ఎత్తుతున్నట్టు, తలెత్తారు. ఇంకా బుడగ ఉంది, చూపు మసకే. నేనున్న వైపు మొహం తిప్పి, "అల్లుడు గారు నిలబడే ఉన్నారేంటమ్మా, కుర్చీ వెయ్యి," అన్నారు.

బుడగ రోజురోజుకీ కరుగుతూ వచ్చింది. లేచి కూర్చుంటే ఆయనకి కంట్లో అడ్డంగా ఒక గీత కనిపించేదట. గీతకి పైన తేట, కింద నీళ్ళలాగా కదులుతూ. పొద్దున్నే కాఫీ గ్లాసు పుచ్చుకుని, చేలో నీరు తీయించే మనిషిలా కబురు చెప్పేవారు. ఇవాళ సగానికి దిగిందండి. ఇవాళ మడమల్లోకి వచ్చిందండి. ఊళ్ళో కోతలు అయిపోయాయి. ఆయన లేకపోవడంతో పని తొందరగా తెమిలిందని మా అత్తగారు ఫోన్లో చెప్పారు. ఆయన దానికీ సంతోషించారు.

నీరు పూర్తిగా తీసేసినట్టుందండి అని ఆయన చెప్పిన సాయంత్రం, మా ఆవిడ టీవీకి లాప్‌టాప్ తగిలించింది. ఆయన కోసం కుర్చీ వేసింది. ఆయన దాని వైపు చూశారు, నా వైపు చూశారు. నేను ముందే గచ్చు మీద కూర్చుని ఉన్నాను. ఇంకేం దారిలేక కూర్చున్నారు.

తెర నిండా ఎర్రటి నేల పరుచుకుంది.

"మొట్టమొదట..." అన్నాను.

"మీరు ఊరుకోండి," అంది మా ఆవిడ.

ఊరుకున్నాను. ఆయన ముందుకి వంగి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని చూస్తున్నారు. ఒక్క ప్రశ్న అడగలేదు. దూరంగా చుక్క పుట్టి పెద్దదైంది. ఆయన పెదవులు కొంచెం విడ్డాయి. తలుపులు ఒక్కొక్కటే మూసుకున్నాయి. ఆ సినిమా నాకు నోటికి వచ్చు కాబట్టి నేను తెర వైపు చూడడం మానేసి, పక్కకి తిరిగి ఆయన్నే చూశాను. తెర వెలుగు ఆ ఒక్క కంట్లో పడి చిన్నగా మెరుస్తోంది.

టోపీ మనిషి కుంటి గుర్రాన్ని నడిపించుకుంటూ వీధి దాటుతున్నాడు. గిట్టల చప్పుడు వినిపిస్తోంది. మామగారి కన్ను ఎడమ నుంచి మెల్లగా కుడికి జరిగింది. ఎక్కడా తడబడలేదు. నీళ్ళతొట్టి దగ్గరికి వచ్చి ఆగింది.